పాఠకుల ప్రశ్నలు: చెరువంతా పచ్చదనమే, చేపకి మాత్రం తిండి లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చెరువుల గురించే. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, అటు కాశీనగరం దాకా అందరిదీ ఒకటే గోల: నీళ్లు పచ్చబడ్డాయి, చేపలు తేలాయి, ఎవరో ఏదో చేశారు. ఉభాలు అయ్యి మొదటి దఫా ఎరువు పడి, ఆ పైన ఒక వాన దంచిందంటే ఏటా ఇదే వరస. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి జరిపి ఈ పేజీలన్నీ చెరువులకే ఇచ్చేస్తున్నాను. కొబ్బరి తెగులు గురించి రాసిన పెద్దాయన కోప్పడొద్దు.

ప్రశ్న: అయ్యా, మేం నలుగురం కలిసి పంచాయతీ చెరువు పాటలో పాడుకున్నాం. నెల నుంచి నీళ్లు చిక్కటి పచ్చగా ఉన్నాయి. మొన్న మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లారేసరికి బొచ్చెలు, శీలావతులు నోళ్లు తెరుచుకుని తేలిపోయాయి. పెద్దవే ఎక్కువ పోయాయి. కొర్రమేను, మార్పు, ఇంగిలాయి చేపలు మాత్రం బతికే ఉన్నాయి. రెండు వీధుల మురుగు కాలువలు ఈ చెరువులోకే వస్తాయి. పక్క వీధి వాళ్లు మందు కలిపారని మావాళ్లు కేసు పెడదామంటున్నారు. మీరేమంటారు? (బరంపురం దగ్గర పల్లె నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు ఆ కేసు మాట ఆపండి బాబూ. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. పురుగుమందు కలిస్తే రొయ్యలు, నీటి పురుగులు అన్నిటికంటే ముందు పోతాయి, చేపల్లో చిన్నా పెద్దా తేడా ఉండదు, పగలా రాత్రా అన్న లెక్కా ఉండదు. మీ దగ్గర పోయినవి పెద్ద చేపలు, పోయింది తెల్లవారుజామున, అదీ ముసురు తర్వాత. బతికిన మూడు రకాలూ నీటి పైకొచ్చి గాలి మింగి బతకగలిగేవి, వాటికి మొప్పలొక్కటే ఆధారం కాదు. కాబట్టి నా అనుమానమంతా ఆక్సిజన్ మీదే. ఊపిరాడక పోయాయి.

ఎలాగంటే, ఆ పచ్చదనమంతా కంటికి విడివిడిగా కనపడని సన్నటి నాచు. పగలు ఎండలో అది ఆక్సిజన్ వదులుతుంది, మధ్యాహ్నం మీ చెరువులో ఆక్సిజన్ కావలసినదానికంటే ఎక్కువే ఉంటుంది కూడా. పొద్దు గూకాక అదే నాచు, చేపల్లాగే, ఆక్సిజన్ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అడుగున చచ్చిన నాచుని కుళ్లబెట్టే బాక్టీరియా అయితే రాత్రీ పగలూ పీలుస్తూనే ఉంటుంది. 30 డిగ్రీల వేడి నీళ్లలో మామూలుగా కరిగి ఉండగలిగే ఆక్సిజనే లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు, అది రెండు మూడుకి పడిపోతే బొచ్చె, శీలావతి అల్లాడిపోతాయి. రోజూ తెల్లవారుజామున చెరువు ఆ అంచుదాకా వెళ్లి సూర్యుడు రాగానే తేరుకుంటోంది, మీకు తెలియలేదంతే. మూడు రోజులు మబ్బు పట్టేసరికి పగటి ఆదాయం తగ్గింది, రాత్రి ఖర్చు తగ్గలేదు. నాలుగో రోజు తెల్లారేసరికి ఖాళీ.

పక్క వీధి వాళ్లు మందు కలపలేదు గానీ వాళ్ల వీధి మురుగూ మీ వీధి మురుగూ రెండూ ఆ నాచుని పెంచుతున్నాయి. కేసు పెడితే రెండు వీధుల మీదా పెట్టాలి.

మళ్లీ ఇలా తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు ఆడిస్తుంటే డీజిల్ ఇంజను పెట్టి ఆ చెరువు నీళ్లనే ఎత్తి పైనుంచి జల్లులా పడేలా కొట్టండి, బోరు నీళ్లు ఉంటే అవీ అలాగే గాలి తగిలేలా వదలండి. ఆ రోజు మేత వేయొద్దు, గత్తం అసలే వద్దు. సున్నం చల్లమని ఎవరో ఒకరు చెబుతారు, చిక్కటి పచ్చ నీళ్లలో మధ్యాహ్నం సున్నం చల్లారంటే నీటి క్షారం ఇంకా పెరిగి, కరిగి ఉన్న అమ్మోనియా విషంగా మారుతుంది, ఉన్నవి కూడా పోతాయి. అమ్మకానికి ఎదిగిన చేపలుంటే ఆలస్యం చేయకుండా వల వేయించేయండి, ధర తక్కువొచ్చినా సరే.

ప్రశ్న: నమస్కారం. పిల్లలకి సైన్సు చెబుతాను. చేపల చెరువుల్లో రైతులు కావాలనే పేడ, యూరియా, సూపర్ ఫాస్ఫేటు వేస్తారు, నీళ్లు పచ్చబడితే చేపలకి తిండి పెరిగిందని సంతోషిస్తారు. అదే ఎరువు పొలం నుంచి ఊరి చెరువులోకి వస్తే కాలుష్యం అంటున్నారు. పాఠంలో గడ్డి పెరిగితే జింకలు, జింకలు పెరిగితే పులులు అని ఉంది. మరి నాచు పెరిగితే చేపలు పెరగాలి కదా? పిల్లలు అడిగితే నాకే జవాబు దొరకలేదు. (ఉపాధ్యాయిని, పర్లాకిమిడి)

జవాబు: మాస్టారమ్మా, ఈ నెల వచ్చిన వాటిలో అన్నిటికంటే మంచి ప్రశ్న ఇది, పిల్లలకి నా తరఫున శభాష్ చెప్పండి. ఒక హద్దు దాకా వాళ్లన్నదే నిజం. పోషకాలు బొత్తిగా లేని చెరువుకి కాస్త ఎరువు తగిలితే చేపలు పెరుగుతాయి. చేపల రైతు చేసేది అదే. కొద్దికొద్దిగా వేస్తాడు, నీటి రంగు చూసుకుని ఆపేస్తాడు, నాచుని నేరుగా తినగలిగే వెండిచేప లాంటివి వేస్తాడు, ఆక్సిజన్ పడిపోతే యంత్రం తిప్పుతాడు, ఏడాదికోసారి చేపల్ని పట్టేసి ఆ పోషకాల్లో కొంత బయటికి తీసేస్తాడు. నాచుకీ చేపకీ మధ్య మెట్లు తక్కువ, కాపలా ఎక్కువ.

ఊరి చెరువులో మెట్లు చాలా ఉంటాయి. నాచుని సూదిమొనంత జీవులు తింటాయి, చలి దేశాల సరస్సుల్లో అయితే డాఫ్నియా అనే నీటి ఈగ, మన వేడి చెరువుల్లో దాని చిన్న చుట్టం మోయినా, రోటిఫర్‌లనే ఇంకా సన్నటి జీవులూ. వీటిని చేపపిల్లలు, పరిగెలు, తూనీగ పిల్లలు తింటాయి. వాటిని కొర్రమేను, కొర్రమేనుని మనమూ కొంగా. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి చేరేది సుమారుగా పదో వంతే. అన్నీ సవ్యంగా ఉన్నప్పటి లెక్క అది.

పోషకాలు హద్దు దాటాక తేడా వచ్చేది మొదటి మెట్టు దగ్గరే. చాలామందికి తట్టనిదీ ఇదే. నాచు బరువు పెరుగుతుంది నిజమే, కానీ నాచు రకం మారిపోతుంది. మొదట ఉండే డయాటమ్‌లు, చిన్న ఆకుపచ్చ నాచులు నీటి ఈగలకి మంచి తిండి. వాటిలో మంచి కొవ్వులు ఉంటాయి, మనం చేపనూనె, ఒమేగా 3 అని కొనుక్కుంటామే, అవి పుట్టేది అక్కడే, చేప దాన్ని తయారుచేసేది తక్కువ, పోగుచేసేదే ఎక్కువ. ఎరువులో, మురుగులో ఉండే ఫాస్ఫరస్ పోటెత్తి నీళ్లు వేడెక్కి కదలకుండా ఉంటే ఆ చోటుని నీలి ఆకుపచ్చ నాచు ఆక్రమిస్తుంది, మైక్రోసిస్టిస్ లాంటివి. ఇవి గుంపులుగా, జిగురు ఉండలుగా పెరుగుతాయి, నీటి ఈగ నోట్లో పట్టవు. పట్టినా వాటిలో ఆ మంచి కొవ్వులు దాదాపు ఉండవు, ఒంటి ఎదుగుదలకి కావలసిన స్టెరాల్స్ అనే పదార్థాలు ఉండవు, కొన్నిటిలో విషం కూడా. పెళ్లికి వెయ్యి మందికి వండి వంటగదికి తాళం వేసినట్టు, చెరువు నిండా తిండి కనపడుతుంది గానీ వడ్డన లేదు. నీటి ఈగలు తగ్గుతాయి, చేపపిల్లలకి మొదటి వారాల్లో దొరకాల్సిన తిండి దొరకదు, నాచు మాత్రం తినేవాడు లేక ఇంకా చిక్కబడుతుంది.

తినని నాచు ఏమవుతుంది? చచ్చి అడుగుకి దిగుతుంది, అక్కడ కుళ్లుతుంది, అడుగున ఆక్సిజన్ పోతుంది. మామూలు చెరువు అడుగున రకరకాల పురుగులు, నత్తలు, తూనీగ పిల్లలు ఉంటాయి, ఇవన్నీ చేపల తిండే. ఆక్సిజన్ లేని బురదలో మిగిలేవి కొన్నే, ముఖ్యంగా ఎర్ర పురుగులు. వాటి ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్‌దే, ఆక్సిజన్ తక్కువున్న చోట కూడా బతకడానికి అది వాటికి సాయం. పిల్లల్ని చెరువుకి తీసుకెళ్లి గట్టు వార బురద ఒక చిల్లుల గిన్నెలో కడిగి చూపించండి. ఎర్ర పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే పాఠం అదే.

అంటే పైన పచ్చదనం పెరిగే కొద్దీ నాచు నుంచి చేప దాకా ఉన్న దారులు ఒక్కొక్కటే మూతపడుతూ ఉంటాయి. మొత్తం జీవం బరువు పెరిగినా రకాలు తగ్గిపోతాయి. చివరికి మిగిలేవి బురదని, చెత్తని, దేన్నయినా తినగలిగే చేపలు, గాలి పీల్చగలిగే చేపలు. పులి లెక్క ఎక్కడ తప్పిందంటే, అడవిలో పెరిగింది జింక తినే గడ్డి, ఇక్కడ పెరిగింది ఎవరూ తినలేని గడ్డి.

ఎరువు ఎంత చాలు అనేది కూడా పిల్లల చేత లెక్క కట్టించండి. డీఏపీ బస్తా 50 కిలోలు, అందులో 46 శాతం ఫాస్ఫేటు, అంటే 23 కిలోలు, అందులో అసలు ఫాస్ఫరస్ సుమారు 10 కిలోలు. 12 ఎకరాల చెరువు, 2 మీటర్ల లోతు అనుకుంటే నీళ్లు దాదాపు 10 కోట్ల లీటర్లు. ఒక్క బస్తాలోని ఫాస్ఫరస్ మొత్తం ఆ నీళ్లలో కలిస్తే లీటరుకి 100 మైక్రోగ్రాములు. 35 దాటితేనే పోషకాలు ఎక్కువైన సరస్సు అంటారు, 100 దాటితే మితిమీరినదంటారు. ఒక్క బస్తాకే! పొలంలో వేసిందంతా చెరువుకి రాదు, చాలా భాగం మట్టికి అతుక్కుంటుంది, అందుకే ఇంకా చెరువులు మిగిలాయి. కానీ వాన ఆ మట్టిని కూడా తెస్తుంది కదా. ఒక కిలో ఫాస్ఫరస్ సుమారు 500 కిలోల పచ్చి నాచుని పెంచగలదు అని సరస్సుల మీద పనిచేసేవాళ్లు మామూలుగా చెప్పే లెక్క.

ఫాస్ఫరస్సే ఎందుకు, యూరియా కాదా అని ఎవరైనా లేస్తారు. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో, చిన్న చిన్న సరస్సుల్ని ప్రయోగాలకే కేటాయించిన చోట, 1973లో ఒక సరస్సుని మధ్యలో తెరతో రెండు చేశారు. ఒక పక్క కార్బన్, నైట్రోజన్ వేశారు, రెండో పక్క ఆ రెండిటితో పాటు ఫాస్ఫరస్ కూడా. ఫాస్ఫరస్ పడిన సగం పచ్చబడింది, రెండోది తేటగా ఉండిపోయింది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫోటోతో బట్టల సబ్బుపొడిలో ఫాస్ఫేటు తగ్గించాలన్న మాటకి ఇంకా బలం వచ్చింది. నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని గాలిలోని నైట్రోజన్‌ని సొంతంగా పట్టుకుంటాయి, మన వరి రైతులు అజొల్లా వేసేది ఆ గుణం కోసమే, అజొల్లా ఆకులో కాపురముండేది అలాంటి నాచే. పొలంలో దాన్ని పిలిచి పెట్టుకుంటాం, చెరువులో పిలవకుండా వస్తుంది. అలాగని నైట్రోజన్ మంచిదని కాదు, అది కూడా దండిగా ఉంటే విషం చేసే నాచులు ఇంకా బలుస్తాయి, రెండూ తగ్గాల్సిందే.

ప్రశ్న: మా వీధి చెరువు పైన పచ్చటి మీగడ లాగా కడుతోంది. ఆవు అక్కడే తాగుతుంది. మేం వాడేది బోరు నీళ్లే గానీ కరెంటు లేనప్పుడు చెరువు నీళ్లు మరగబెట్టి వంటకి వాడతాం. మరిగిస్తే పర్వాలేదు కదా అండీ? చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది. (గృహిణి, గుణుపురం)

జవాబు: అమ్మా, వాడొద్దు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఈ నాచు విషం పోదు. ఇంకా చెప్పాలంటే మరిగినప్పుడు నాచు కణాలు పగిలి లోపల ఉన్న విషం నీళ్లలోకి వచ్చేస్తుంది, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. మైక్రోసిస్టిన్ అంటారు దాన్ని, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రోజూ తాగే నీళ్లలో లీటరుకి ఒక మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2014 ఆగస్టులో అమెరికాలో టొలెడో అనే పెద్ద ఊళ్లో, ఈరీ సరస్సు నుంచి వచ్చే కుళాయి నీళ్లలో ఇది తేలితే, దాదాపు నాలుగు లక్షల మందిని ఆ నీళ్లు తాగొద్దు, మరిగించినా తాగొద్దు అని ఆపేశారు. అంత శుద్ధి చేసే ఊరికే ఆ గతి పట్టిందంటే మన చెరువు సంగతి ఆలోచించండి.

ప్రతి పచ్చ మీగడా విషం కాదు, కానీ కంటితో చూసి చెప్పలేం, కాబట్టి అన్నిటికీ దూరంగా ఉండటమే. ఆవుని కూడా అక్కడ తాగనివ్వొద్దు, గాలికి ఆ మీగడంతా ఒక వారకి కొట్టుకొస్తుంది, పశువు తాగేదీ ఆ వారనే. పిల్లల్ని ఈతకి పంపొద్దు. చేప తినొచ్చా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు: అలాంటి చెరువు చేప తినకపోవడమే మంచిది, తప్పనిసరైతే పేగులు, కాలేయం పూర్తిగా తీసేసి కండ మాత్రమే, విషం ఎక్కువ పోగయ్యేది వాటిలోనే.

ప్రశ్న: అన్నా, మా యువజన సంఘం వాళ్లం చెరువు బాగు చేద్దామనుకుంటున్నాం. గట్టు వార తుంగ, తామర, నీటి మొక్కలు అన్నీ పీకేసి, గడ్డిచేప పిల్లలు వేస్తే శుభ్రంగా ఉంటుందని ఒకాయన చెప్పాడు. కార్తీక పున్నమికి పడవలు వదిలే చెరువు, అప్పటికి అద్దంలా కనపడాలి. (ఛత్రపురం నుంచి)

జవాబు: తమ్ముడూ, మంచి మనసుతో చెరువుని చంపే పద్ధతి ఇది.

ఆ మొక్కలు చెత్త కాదు. వాటి వేళ్లు బురదని లేవనీయకుండా పట్టుకుంటాయి, అవి పోషకాలు తాగుతాయి, వాటి కాడల మధ్య నీటి ఈగలు పగలంతా చేపల కంట పడకుండా దాక్కుని రాత్రి బయటికొచ్చి నాచు తింటాయి. కాడల మీద పేరుకునే పాచిని నత్తలు గీరి తింటాయి. మన సరిహద్దు అవతల ఆంధ్రాలోని తేలుకుంచికి ఏటా గుడ్లు పెట్టడానికొచ్చే నత్తగుల్ల కొంగలు బతికేది ఆ నత్తల మీదే, ముక్కు మధ్యలో సందు ఉండేది వాటి కోసమే. మొక్కలు పీకేస్తే ఇవన్నీ ఒకేసారి పోతాయి.

లోతు తక్కువున్న చెరువుకి రెండు రకాల నిలకడ ఉంటుంది. ఒకటి, మొక్కలుండి నీళ్లు తేటగా ఉండటం. రెండోది, మొక్కలు పోయి నీళ్లు పచ్చగా ఉండటం. ఏ స్థితిలో ఉంటే ఆ స్థితి తనని తానే కాపాడుకుంటుంది, అదే ఇబ్బంది. ఎరువు కొద్దికొద్దిగా పెరుగుతున్నా మొక్కలున్నన్నాళ్లు చెరువు తట్టుకుంటుంది, బయటికి ఏమీ తేడా కనపడదు. ఒక రోజు హద్దు దాటి పచ్చబడిందంటే వెలుతురు అడుగుకి వెళ్లదు, మొక్కలు మళ్లీ మొలవవు, అప్పుడు ఎరువుని పాత స్థాయికి తగ్గించినా వెనక్కి రాదు, ఇంకా చాలా తగ్గించాలి.

గడ్డిచేప మొక్కల్ని తింటుంది, నిజం. తిన్నదాంట్లో చాలా భాగం అరక్కుండానే బయటికొస్తుంది, అంటే మొక్కలో కదలకుండా ఉన్న ఎరువుని నాచుకి అందేలా నీళ్లలో కలుపుతుంది. దానికి తోడు బంగారుతీగ కూడా వేస్తే అది అడుగు బురద తవ్వి లేపుతుంది. పున్నమికి అద్దం కాదు, పచ్చటి పులుసు చూస్తారు. రేవు దగ్గర పడవలు వదిలే మేరకి మాత్రం మొక్కలు తీసి గట్టు మీద కాదు, దూరంగా పొలంలో వేయండి. మిగతావి అలాగే ఉంచండి. మీకు చేతనైన పెద్ద పని మురుగు కాలువని మళ్లించడం, అది ఫోటోల్లో అందంగా ఉండదని తెలుసు.

ప్రశ్న: గుర్రపుడెక్క మురుగులో పోషకాలు లాగేస్తుందని విన్నాం, ఉంచితే మంచిదా? (కాశీనగరం)

జవాబు: లాగేస్తుంది, తీసి బయట వేస్తేనే. ఉంచితే చెరువంతా కప్పేసి కింద వెలుతురు, ఆక్సిజన్ రెండూ ఆపి, చచ్చి అక్కడే కుళ్లి లాగిందంతా తిరిగి ఇచ్చేస్తుంది. పైన చెప్పిన తుంగ, తామరలతో దీన్ని కలపొద్దు, అవి ఇక్కడివి, ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడింది. వారం వారం తీయించే ఓపిక ఉంటేనే ఆ ఆలోచన పెట్టుకోండి.

ప్రశ్న: మీరంతా చివరికి రైతునే అంటారు. మేం బస్తా ఎరువు కోసం లైన్లో నిలబడి తెచ్చుకుంటాం, దాన్ని చెరువులో పారబోస్తామా? (రాయగడ జిల్లా నుంచి ఒక రైతు)

జవాబు: కోపం న్యాయమే. ఊరి పక్క చెరువుకి నేను చూసినంతలో పెద్ద దెబ్బ మురుగు కాలువది, మరుగుదొడ్ల గుంతలు పొంగి కలిసేది, కాలువలో కడిగే సబ్బు నీళ్లది. మనిషి మూత్రంలోనే నైట్రోజన్, ఫాస్ఫరస్ రెండూ దండిగా ఉంటాయి. పట్నం కింద ఉన్న చెరువు విషయంలో రైతుని అనడం అన్యాయం.

కానీ పొలాల మధ్య ఉన్న చెరువు లెక్క వేరు, అక్కడ మీ చేతిలో ఉన్నది కొంత ఉంది. వాన పడేలా ఉన్న రోజు డీఏపీ, యూరియా చల్లొద్దు, అది మీ డబ్బే కొట్టుకుపోవడం. చల్లాక రెండు మూడు రోజులు మడి నీళ్లు బయటికి వదలొద్దు. చెరువులోకి దిగే పిల్లకాలువ పక్కన రెండు బారల వెడల్పున గడ్డిని దున్నకుండా వదిలేయండి, ఫాస్ఫరస్ మట్టితో కలిసి ప్రయాణిస్తుంది కాబట్టి మట్టి ఆగితే సగం పని అయినట్టే. భూసార పరీక్షలో ఫాస్ఫరస్ ఎక్కువని వస్తే ఆ ఏడు డీఏపీ తగ్గించడానికి భయపడొద్దు.

ఇంకొకటి, మన తాతలు వేసవిలో చెరువు ఎండగానే బండ్లు కట్టి పూడిక మట్టి పొలాలకి తోలేవాళ్లు. ఏళ్ల తరబడి పొలం నుంచి కొట్టుకొచ్చిన ఫాస్ఫరస్‌ని తిరిగి పొలానికి చేర్చడమే అది. అడుగు బురదలో ఇనుము ఫాస్ఫరస్‌ని పట్టి ఉంచుతుంది, ఆక్సిజన్ పోయిందంటే ఆ పట్టు వదిలేస్తుంది. అందుకే మురుగు ఆపేశాక కూడా కొన్ని చెరువులు ఏళ్ల తరబడి పచ్చగానే ఉంటాయి, పాత అప్పు అడుగు నుంచి తేలుతూ ఉంటుంది. పూడిక తీయడం మానేశాం, బస్తాలు పెంచాం. పట్నం మురుగు కలిసే చెరువు మట్టి మాత్రం పొలానికి వేయొద్దు, అందులో ఇంకా ఏమేం ఉంటాయో.

ప్రశ్న: చిలికాని బాగు చేశారు కదా, అదే పద్ధతి మా చెరువుకి పనికిరాదా? (గంజాం)

జవాబు: పనికిరాదు. చిలికా సముద్రంతో కలిసి ఉండే ఉప్పు కయ్య. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పు నీళ్లు లోపలికొచ్చాయి, మంచినీటి కలుపు వెనక్కి తగ్గింది, చేపలు పెరిగాయి, ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా నుంచి 2002లో దాన్ని తీసేశారు. మీ చెరువుకి సముద్రం లేదు.

మీకు దగ్గరి ఉదాహరణ కావాలంటే అమెరికాలో సియాటిల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సు. 1963 నుంచి 1968 లోగా మురుగంతా పక్కకి మళ్లించారు. ఫాస్ఫరస్ పడిపోయింది, నీలి ఆకుపచ్చ నాచు తగ్గింది, నీళ్లు తేటపడ్డాయి. అందరూ అక్కడితో అయిపోయిందనుకున్నారు. 1976లో డాఫ్నియా పెద్ద ఎత్తున వచ్చేసరికి నీళ్లు ఇంకా తేటపడి అంతకుముందెన్నడూ లేనంత లోతుకి కనపడ్డాయి. దాని నోటికి అడ్డంపడే పోగుల నాచు పోవడం ఒక కారణం, దాన్ని తినే చిన్న రొయ్యలాంటి జీవి తగ్గడం ఇంకో కారణం. మురుగు ఆపింది మనుషులు, మిగతా శుభ్రం చేసింది సూదిమొనంత పురుగు. అయితే అది లోతైన చలి సరస్సు, లోతు లేని మన వేడి చెరువుల్లో చిన్నచేపలు ఏడాది పొడుగునా పిల్లలు పెట్టి నీటి ఈగల్ని తినేస్తూనే ఉంటాయి, కాబట్టి అంత అందంగా జరుగుతుందని ఆశ పెట్టను. మురుగు ఆపడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ప్రశ్న: సార్, ల్యాబ్ లేకుండా మా చెరువు ఎంత పాడైందో మేమే తెలుసుకోగలమా? ప్రాజెక్టు చేయాలి. (ఇంటర్ విద్యార్థి, బరంపురం)

జవాబు: చేయొచ్చు. ఒక స్టీలు పళ్లెం తీసుకుని నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి పెయింట్ వేయి. మధ్యలో తాడు కట్టి, కింద బరువు వేలాడదీసి, తాడుకి పది సెంటీమీటర్లకొక ముడి వేయి. నీడ పట్టున నీళ్లలోకి దించుతూ పళ్లెం కనపడకుండా పోయే లోతు, పైకి లాగుతూ మళ్లీ కనపడే లోతు, రెండిటి సగటు రాసుకో. 1865లో సెక్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతే. చేపల చెరువుకి 30 నుంచి 40 సెంటీమీటర్లు మామూలు, 20 లోపల మాయమైతే ఆక్సిజన్ ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టు. నీళ్లు ఎర్రటి బురదగా ఉంటే మాత్రం ఈ లెక్క నాచుది కాదు, మట్టిది, రంగు కూడా పక్కన రాయి.

పాత సన్నటి జాకెట్టు గుడ్డతో వల కుట్టి ఒక బకెట్టు నీళ్లు వడగట్టి గాజు గ్లాసులో వెలుతురుకి పట్టి చూడు, గెంతులేస్తూ ఈదే చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. అవే మోయినాలు, వాటి చుట్టాలు. వారానికి ఒక రోజు, పదకొండు పన్నెండు గంటల మధ్య, ప్రతిసారీ ఒకే చోట, పళ్లెం చూసేది మాత్రం నువ్వొక్కడివే, మీ స్నేహితుడి కళ్లు వేరు.

పచ్చ మీగడ ఉన్న రోజు చేతులు ముంచొద్దు.